కాలింగ్ బెల్ రిపేరు: అపోహలు, వాస్తవాలు

ఫ్యాన్ జోలికి, గీజర్ జోలికి వెళ్లాలంటే భయపడేవాళ్లు కూడా కాలింగ్ బెల్ దగ్గరికి వచ్చేసరికి ధైర్యంగా కవరు ఊడదీసి చేయి పెట్టేస్తారు. కరెంటు పని చేసేవాడిగా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. అందుకే ముందుగా ఆ ధైర్యం గురించే చెప్తాను.

అపోహ: బెల్‌కి వచ్చేది కొంచెం కరెంటే, షాక్ కొట్టదు.

వాస్తవం: మన ఇళ్లలో వైరుతో పనిచేసే బెల్ దాదాపు అన్నిచోట్లా నేరుగా 230 వోల్టుల లైను మీదే ఉంటుంది. ఫ్రిజ్‌కి వచ్చే కరెంటే దానికీ వస్తుంది. గుమ్మం పక్కన చుట్టాలు, పాలవాళ్లు నొక్కే బెల్ పుష్ వెనక ఉన్నదీ అదే కరెంటు. ఈ అపోహ ఎక్కువగా ఇంటర్నెట్ వీడియోల వల్ల వస్తోంది. అమెరికాలో చాలా ఇళ్లలో బెల్ కోసం విడిగా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది 120 వోల్టులను 16 వోల్టుల దాకా తగ్గించి బెల్‌కి పంపిస్తుంది. అందుకే వాళ్లు ఆ వైర్లను అంత తేలిగ్గా పట్టుకుంటారు. అది చూసి మన ఇంట్లో అలాగే చేస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

పిల్లలు అమెరికా నుంచి తెచ్చిన వీడియో డోర్‌బెల్‌ విషయంలోనూ ఇదే చిక్కు. "పాత బెల్ పుష్ తీసేసి ఆ వైర్లకే కలిపెయ్యి బాబూ" అంటుంటారు పెద్దవాళ్లు. అక్కడి వైరు రకం వీడియో బెల్స్ సాధారణంగా 16 నుంచి 24 వోల్టుల ఏసీ కరెంటుకి తయారైనవి. 230 వోల్టులకు కలిపితే కాలిపోతాయి, నిప్పు కూడా అంటుకోవచ్చు. బ్యాటరీ రకమైతే వైర్లు కలపకుండా హాయిగా వాడుకోండి. వైరు రకమైతే దాని మీద రాసిన వోల్టేజీకి సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించాకే బిగించాలి.

అపోహ: మెయిన్ ఆఫ్ చేస్తే చాలు, ఇక భయం లేదు.

వాస్తవం: కరెంటు పోయినప్పుడు కూడా మోగాలని చాలా ఇళ్లలో బెల్‌ని ఇన్వర్టర్ లైనులో కలుపుతారు. మీరు మెయిన్ దించిన మరుక్షణం ఇన్వర్టర్ అందుకుంటుంది, బెల్ వైర్లలో మళ్లీ 230 వోల్టులు ఉంటాయి. కాబట్టి మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ కూడా ఆపాలి. ఆపడానికి ముందే టెస్టర్‌ని కరెంటు ఉన్న సాకెట్‌లో పెట్టి, అది వెలుగుతోందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత అన్నీ ఆపి, బెల్ వైర్లు రెండింటినీ పరీక్షించాలి. రబ్బరు చెప్పులతో ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడితే, కరెంటు ఉన్నా టెస్టర్ సరిగా వెలగకపోవచ్చు. టెస్టర్ వెలగలేదన్న ఒక్క ధైర్యంతో వైరు పట్టుకోకండి.

అపోహ: బెల్ మోగడం లేదంటే బెల్ పోయినట్టే, కొత్తది కొనాలి.

వాస్తవం: నేను చూసే కేసుల్లో ఎక్కువ వాటిలో బెల్‌ బాగానే ఉంటుంది. పోయేది బెల్ పుష్. లోపలి బెల్ గోడ మీద పైన, నీడన ఉంటుంది. పుష్ మాత్రం దుమ్ములో, ఎండలో, వానజల్లులో ఉంటుంది. గడప కడిగేటప్పుడు చిందే నీళ్లూ దాని మీదే పడతాయి. చీమలు లోపల గూడు పెడతాయి. దసరాకో సంక్రాంతికో రంగులు వేయించినప్పుడు పుష్ మీద కూడా బ్రష్ లాగించేస్తారు, రంగు సందుల్లోకి దిగి బటన్ పట్టేస్తుంది. పండగ ముందు ఇల్లంతా తళతళలాడుతుంది, బెల్ మాత్రం పలకదు. పెయింటర్ రాకముందే పుష్ మీద ఒక టేపు ముక్క అంటించి ఉంచండి, ఆ ఖర్చు తప్పుతుంది.

పుష్‌ని పరీక్షించడానికి కరెంటు అక్కర్లేదు. నేను పైన చెప్పినట్టు అన్నీ ఆఫ్ చేసి, పుష్ విప్పి, దాని వైర్లు ఊడదీసి, మల్టీమీటర్‌ని (కరెంటు కొలిచే చిన్న మీటరు) బీప్ మీద పెట్టండి. రెండు పిన్నులకూ తగిలించి బటన్ నొక్కితే బీప్ రావాలి, వదిలితే ఆగాలి. నొక్కినా రాకపోతే పుష్ మార్చాలి. వదిలినా ఆగకపోతే ఇంకా త్వరగా మార్చాలి, ఎందుకో కింద చెప్తాను. పుష్ బాగుంటే, వైరు స్క్రూ దగ్గర వదులైందేమో, నల్లగా కమిలిందేమో చూడండి. అక్కడా ఏమీ లేకపోతే అప్పుడు బెల్‌ని అనుమానించండి.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఒక మాట అడగండి: "ఫేజు పుష్‌కి వెళ్తోందా, నేరుగా బెల్‌కా?" ఫేజు, అంటే కరెంటు మోసుకొచ్చే వైరు, ముందు పుష్‌కి వచ్చి, అక్కడి నుంచి బెల్‌కి వెళ్లాలి. పాత వైరింగ్‌లో కొన్నిచోట్ల న్యూట్రల్‌ని, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరుని, పుష్ గుండా తిప్పేస్తారు. అలాగైనా బెల్ మోగుతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. కానీ ఎవరూ నొక్కకపోయినా బెల్ లోపల ఎప్పుడూ కరెంటు ఉంటుంది.

అపోహ: బెల్ పుష్ దొరక్కపోతే మామూలు స్విచ్ పెట్టేసుకోవచ్చు.

వాస్తవం: పెట్టకూడదు. డింగ్‌డాంగ్ బెల్‌లో ఒక కాయిల్ (తీగ చుట్ట) ఉంటుంది. నొక్కగానే అది ఇనుప కడ్డీని లాగి ఒక రేకుకు కొడుతుంది, వదలగానే స్ప్రింగ్ ఆ కడ్డీని రెండో రేకు వైపు తోస్తుంది. నొక్కితే డింగ్, వదిలితే డాంగ్. ఆ కాయిల్ ఒకటి రెండు సెకన్ల పని కోసం చుట్టినది. మామూలు స్విచ్ ఎవరైనా వేసి వదిలేస్తే కాయిల్ వేడెక్కి, వాసన వచ్చి, చివరికి కాలిపోతుంది. పుష్ ఇరుక్కుపోయినా జరిగేది ఇదే. బెల్ నుంచి "గుయ్" మని శబ్దం ఆగకుండా వస్తుంటే వెంటనే ఆ లైను ఎంసీబీ (కరెంటు బోర్డులో ఆ లైనుకున్న స్విచ్) దించేయండి.

అపోహ: డాంగ్ రాకపోతే రెండు చుక్కల నూనె వేస్తే సరిపోతుంది.

వాస్తవం: నూనె వేసిన కొన్నాళ్లు బాగానే మోగుతుంది. తర్వాత దుమ్ము జిగురులా అతుక్కుని కడ్డీ మరింత గట్టిగా పట్టేస్తుంది. కరెంటు ఆపి, కడ్డీని బయటికి తీసి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

అపోహ: వాన పడ్డప్పుడల్లా కరెంటు ట్రిప్ అవుతోందంటే ఆర్‌సీసీబీ పాడైనట్టు, తీసేయించాలి.

వాస్తవం: దయచేసి తీయించకండి. కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చే ఆర్‌సీసీబీ. ఇళ్లలో పెట్టేది సాధారణంగా 30 మిల్లీఆంపుల లీకేజీకే పడిపోయేలా ఉంటుంది. మనుషుల్ని కాపాడటానికే అంత సున్నితంగా చేస్తారు. వానకు ట్రిప్ అవుతోందంటే ఎక్కడో తడి గుండా కరెంటు లీకవుతోందని అర్థం. నేను ముందుగా చూసేది గేటు దగ్గరి బెల్ పుష్‌నే. దాన్ని ఆ లైను నుంచి విడదీశాక ట్రిప్ ఆగిపోతే దొంగ దొరికినట్టే. పసిపిల్లలు కూడా తడిచేత్తో నొక్కే చోటు అది. గేటు దగ్గర 230 వోల్టుల పుష్ ఉండటం నాకసలు ఇష్టం ఉండదు. అక్కడ వైర్‌లెస్ బెల్ పెట్టుకోమని చెప్తాను.

అపోహ: వైర్‌లెస్ బెల్ ఎవరూ నొక్కకుండానే మోగుతోందంటే చెడిపోయినట్టు.

వాస్తవం: అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాటువాళ్ల రిమోట్ కోడ్, మీ కోడ్ ఒకటే అయితే వాళ్ల చుట్టాలు వచ్చినా మీ బెల్ మోగుతుంది. బెల్ కాగితంలో చెప్పినట్టు కోడ్ మార్చి మళ్లీ జత చేస్తే ఆగుతుంది. వైరు మీద నడిచే మ్యూజిక్ బెల్ అలా మోగుతుంటే, పుష్‌లో చిన్న ఇండికేటర్ లైటు ఉందేమో చూడండి. ఆ లైటు గుండా పారే కొద్దిపాటి కరెంటు కొన్ని బెల్స్‌ని కదిలిస్తుంది. లైటు లేని పుష్ వేస్తే సరి.

వైర్‌లెస్ బెల్ పెట్టె మీద సిగ్నల్ అందే దూరంగా రాసే 100 మీటర్లు, 150 మీటర్లు అడ్డేమీ లేని మైదానంలో లెక్క. స్లాబులు, ఇనుప గేట్లు మధ్యలో ఉంటే అందులో చాలా తగ్గుతుంది. దాని పుష్‌లో వాడేది చాలావరకు 12 వోల్టుల 23ఏ సెల్. రిమోట్లలో వేసే 1.5 వోల్టుల సెల్ తెచ్చుకుంటే పనికిరాదు. షాపుకి పాత సెల్ పట్టుకెళ్లండి.

మార్చడమా, బాగుచేయడమా అంటే: డింగ్‌డాంగ్‌లో కాయిల్ కాలకపోతే బాగుచేయించుకోండి, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మ్యూజిక్ బెల్ గొంతు సన్నబడి గరగరలాడుతుంటే కొత్తది తీసుకోవడమే మంచిది. దాని లోపలి కెపాసిటర్‌లో (చార్జి నిల్వ చేసే భాగం) కరెంటు ఆపాక కూడా చార్జి మిగిలి ఉండొచ్చు. ఊడదీసిన వెంటనే పిల్లల చేతికి ఆడుకోమని ఇవ్వకండి.