పందిరి నిండా పూలు, పిందె మాత్రం లేదు

సొరపాదో బీరపాదో పెట్టినవాళ్లు ఏదో ఒక వేసవిలో అనే మాటే ఇది: "విరగబూస్తోంది గానీ ఒక్క పిందె నిలవడం లేదు." వెంటనే బలం చాలలేదనుకుని పాదు మొదలు దగ్గర గుప్పెడు యూరియా వేస్తారు. తీగ మరింత ఏపుగా పాకుతుంది, పూలు ఇంకా పెరుగుతాయి, పిందెలు రావు. పాదు గొడ్డుపోలేదు. దొరికిన ఎండకు, పగటి పొడవుకు, యూరియా ఇచ్చే నత్రజనికి తగ్గట్టే పూస్తోంది. కాకపోతే ఆ పూసేవన్నీ మగ పూలు.

గుమ్మడి, సొర, బీర, కాకర, దోస ఒకే కుటుంబానివి. సాధారణంగా వీటిలో ఒకే తీగ మీద మగ పూలు వేరుగా, ఆడ పూలు వేరుగా పూస్తాయి. తేడా తెలియాలంటే పువ్వును పక్కనుంచి చూడాలి. రేకుల కింద ఉత్త కాడే ఉంటే మగది. రేకులకూ కాడకూ మధ్య చిన్న కాయ ఉంటే ఆడది. గుమ్మడిలో అది గోలీకాయలా గుండ్రంగా ఉంటుంది. బీరలో అయితే అంగుళం పొడవున, అంచుల గీతలతో సహా, బీరకాయ బొమ్మ గీసినట్టే ఉంటుంది. బీర మగ మొగ్గలు పొడవాటి కాడకు గుత్తిగా వస్తాయి, ఆడ పువ్వు ఒంటిగా వస్తుంది. పూత మొదలైన కొత్తలో కొన్నాళ్లు మగ పూలే రావడం సహజం. అవి ఒక పూట విచ్చుకుని రాలిపోతాయి. దానికి మందు అక్కర్లేదు.

అసలు విశేషం మొగ్గలో ఉంది. దోస తీగ కొసన ఆకుల మడతల్లో, కంటికి ఆననంత చిన్నగా ఉన్న దశలో ప్రతి మొగ్గకూ కేసరాల మొలకలూ అండాశయపు మొలకా రెండూ ఉంటాయి. కొంత పెరిగాక ఒకటి ఆగిపోతుంది. కేసరాలు ఆగితే ఆడ పువ్వు, అండాశయం ఆగితే మగ పువ్వు. ఆ మలుపులో ముఖ్యమైన మాట ఇథిలీన్‌ది. కాయల్ని పండించే వాయువే ఇది. మొగ్గలో ఇది ఎక్కువగా తయారైతే పువ్వు ఆడవైపు మొగ్గుతుంది. జిబ్బరెలిన్ అనే హార్మోను పెరిగితే మగవైపు మొగ్గుతుంది. చల్లటి రాత్రులు, పొట్టి పగళ్లు ఆడ పూలకు అనుకూలం. తీవ్రమైన వేడి, పొడవైన పగళ్లు, మితిమీరిన నత్రజని మగ పూలను పెంచుతాయి. హైదరాబాద్‌లో డిసెంబరు పగలు సుమారు 11 గంటలు, జూన్ పగలు 13 గంటల పైచిలుకు. ఆ రెండు గంటల తేడాకు మండే ఎండ కూడా తోడైతే ఒక ఆడ పువ్వుకు పదిహేను, ఇరవై మగ పూలు రావడం వింతేమీ కాదు.

అంటే ఇవాళ విచ్చుకున్న పువ్వు ఆడో మగో ఎప్పుడో తేలిపోయింది. మనం ఏం చేసినా మొక్క చిన్నగా ఉన్నప్పుడే చేయాలి. రైతులు రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఇథ్రెల్ పిచికారీ చేసేది అందుకే. ఈ మందు మొక్కలోకి వెళ్లి ఇథిలీన్‌ను విడుదల చేస్తుంది. 250 పీపీఎం మోతాదంటే లీటరు నీటిలో 250 మిల్లీగ్రాముల అసలు పదార్థం. సీసా 39 శాతానిదైతే లీటరుకు అర మిల్లీలీటరు పైచిలుకు సరిపోతుంది. శాతం వేరైతే లెక్క మారుతుంది కాబట్టి లేబుల్ చదవకుండా కలపవద్దు. పొరపాట్లు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. ఈ మందు ఆమ్ల ద్రావణంలోనే నిలకడగా ఉంటుంది. క్షారగుణం ఉన్న బోరు నీటిలో కలిపి గంటల తరబడి ఉంచితే ఇథిలీన్ డ్రమ్ములోనే పోతుంది. కాబట్టి కలిపిన వెంటనే కొట్టాలి. రెండోది, పూత నిండుగా ఉన్నప్పుడు కొట్టడం. అప్పుడు అదే ఇథిలీన్ తీగ మీది మొగ్గల్ని, పిందెల్ని రాల్చేస్తుంది. (విత్తనాలు తయారుచేసేవారు దీనికి తిరగేసిన పని కూడా చేస్తారు. ఆడ పూలే పూసే దోస రకాల మీద సిల్వర్ నైట్రేట్ చల్లి, ఇథిలీన్ పనిని అడ్డుకుని, మగ పూలు తెప్పిస్తారు.)

ఇంటి పాదుకు ఇథ్రెల్ అవసరమని నేననుకోను. సొరలో ప్రధాన తీగ మీద మగ పూలే ఎక్కువ, ఆడ పూలు పక్క కొమ్మల మీద బాగా వస్తాయి. అందుకే తీగ పందిరి ఎక్కగానే కొస తుంచాలి. వచ్చిన పక్క కొమ్మల కొసలు కూడా పది పన్నెండు ఆకులయ్యాక తుంచితే మూడో తరం కొమ్మలు వస్తాయి. మిద్దె తోటల వాళ్లు త్రీజీ కటింగ్ అనేది దీన్నే. యూరియా మానేసి బాగా చివికిన పశువుల ఎరువుతో సరిపెట్టండి.

ఇక ఆడ పువ్వు వచ్చినా, పిందె మూడు నాలుగు రోజుల్లో పసుపుపచ్చగా మారి ముడుచుకుపోతే పుప్పొడి అందలేదని అనుమానించాలి. ముందు పిందెను తిప్పి చూడండి. సూదితో పొడిచినట్టు రంధ్రం, దాని మీద జిగురు బొట్టు ఉంటే అది పండు ఈగ పని. ఏ గాటూ లేకపోతే పుప్పొడి సమస్యే కావచ్చు. తీవ్రమైన ఎండకు పుప్పొడి మొలకెత్తే శక్తి తగ్గుతుంది. వాన పడితే పుప్పొడి రేణువులు నీరు పీల్చి పగిలిపోతాయి. పూలు విచ్చే వేళ పురుగుమందు కొడితే తేనెటీగలే రావు. కొద్దిపాటి పుప్పొడే అందిన దోసకాయ ఒక కొస సన్నగా, వంకరగా పెరుగుతుంది. విత్తనాలు కట్టని వైపు కండ పెరగదు మరి.

అలాంటప్పుడు చేత్తో పరాగసంపర్కం చేయవచ్చు, వేళ తెలిస్తే చాలు. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. దోస, కాకరలకు కూడా ఉదయమే. బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి. తెల్లటి సొర పువ్వు చీకట్లో మెరిసేది రెక్కల పురుగుల కోసమే. ఉదయం తొమ్మిదింటికి బ్రష్ పట్టుకుని బీరపాదు దగ్గరికి వెళ్తే ఆలస్యమైనట్టే. అప్పుడే విచ్చిన మగ పువ్వు కోసి, కేసరాన్ని గోటితో తాకండి. పచ్చటి పొడి అంటాలి, అంటకపోతే ఇంకోటి వెతకండి. మగ పువ్వు రేకులు తుంచేసి, దాని కేసరాన్ని ఆడ పువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే కీలాగ్రం తమ్మెలన్నిటికీ తగిలేలా మెల్లగా రాయండి. ఒక తమ్మెకే రాస్తే కాయ వంకర పోవచ్చు. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకు సరిపోతుంది.

ఈ కుటుంబంలోనే దొండ తీరు వేరు. మన ఇళ్లలో కొమ్మ నాటి పెంచే దొండ ఆడ తీగే, పుప్పొడి అందకుండానే కాస్తుంది. ఆగాకరలో మగ మొక్కలు, ఆడ మొక్కలు వేరువేరు. కాబట్టి పది ఆడ దుంపలకు ఒక మగ దుంపైనా నాటకపోతే పూలు చూసి తృప్తిపడాల్సిందే.

కాపు మొదలయ్యాక కాయల్ని లేతగా ఉన్నప్పుడే కోస్తుండాలి. గింజ ముదురుతున్న కాయ తీగ మీద ఉంటే తయారైన చక్కెర అంతా అటే పోతుంది, కొత్త పిందెలు నిలవడం తగ్గుతుంది. విత్తనానికి ఒక కాయ ఉంచుకోవాలనుకుంటే కాపు చివర్లో ఎంచుకుని, దారం కట్టి వదలండి.