ఒంటి చేత్తో తెరుచుకోవాలన్నందుకు

స్విట్జర్లాండ్ సైన్యం 1961 నుంచి తన సైనికులకు ఇచ్చిన మడత చాకు పొడవు 93 మిల్లీమీటర్లు, మందం 12 మిల్లీమీటర్లు, బరువు 72 గ్రాములు. 2008లో దాని స్థానంలోకి వచ్చిన చాకు పొడవు 111 మిల్లీమీటర్లు, మందం 18, బరువు 131 గ్రాములు. సైనికుడు మోసే బరువు ఎలా తగ్గించాలా అని ప్రపంచంలో సైన్యాలన్నీ తంటాలు పడుతుంటే, ఇక్కడ జేబులో పడేసుకునే చిన్న వస్తువు బరువు దాదాపు రెట్టింపైంది. పనిముట్లు చాలా పెరిగాయా అంటే అదీ లేదు. కొత్తగా చేరినవి ప్రధానంగా రెండే: చెక్క కోసే రంపం, ప్లస్ ఆకారపు స్క్రూడ్రైవర్.

మిగతా బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు ఒక్క నిర్ణయం నుంచి వచ్చింది. అలుగును, అంటే కోసే పదునైన రేకును, ఒంటి చేత్తో తెరవగలగాలి అన్నారు. వినడానికి చిన్న కోరికే. దాన్ని తీర్చాలంటే పిడి, కీలు, లోహం, వెడల్పు అన్నీ మార్చాల్సి వచ్చింది.

ముందు కాస్త పాత కథ. 1889లో స్విస్ సైన్యానికి ష్మిట్-రూబిన్ రైఫిల్ వచ్చింది. దాన్ని విప్పి శుభ్రం చేసుకోవాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. డబ్బాల్లో వచ్చే తిండి తెరవడానికి ఓపెనర్ ఎలాగూ కావాలి, రొట్టె కోయడానికి కత్తీ కావాలి. అన్నీ కలిపి ఒకే చాకుగా ఇచ్చేద్దామనుకున్నారు. అలా పుట్టిందే 1890 మోడల్. ముదురు రంగు ఓక్ చెక్క పిడిలో ఒక అలుగు, ఒక దబ్బనం, డబ్బా ఓపెనర్, స్క్రూడ్రైవర్. బరువు 144 గ్రాములు. దేశంలో అన్ని చాకులు చేసి ఇవ్వగల కంపెనీ లేకపోవడంతో మొదటి 15,000 చాకులను జర్మనీలోని జోలింగెన్‌లో చేయించి 1891లో తెప్పించారు. స్విస్ సైన్యం చాకు మొదట విదేశీ సరుకేనన్నమాట! ఇబాఖ్ ఊళ్లో చాకుల కార్ఖానా నడుపుతున్న కార్ల్ ఎల్సెనర్ తోటి తయారీదార్లను కూడగట్టి, ఆ ఏడాదిలోనే స్వదేశీ సరఫరా మొదలుపెట్టాడు. ఆ కార్ఖానానే తర్వాత విక్టోరినాక్స్ అయింది.

ఎల్సెనర్ అసలు గొప్పతనం 1897లో నమోదు చేయించిన ఆఫీసర్ల చాకులో కనిపిస్తుంది. ఒకే స్ప్రింగు పిడికి రెండు వైపులా ఉండే పనిముట్లను పట్టి ఉంచేలా ఆయన కీలు కట్టాడు. దాంతో ప్రతి పనిముట్టుకూ ఒక స్ప్రింగు, దానికో వరుస అవసరం లేకుండా పోయింది. 1961 చాకు 12 మిల్లీమీటర్ల మందంలో సరిపోవడానికి కారణం ఇదే. అందులో డబ్బా ఓపెనర్ ఒక చివర, సీసా ఓపెనర్ మరో చివర ఉంటాయి. ఆ రెండిటినీ నొక్కి పట్టేది మధ్యలో ఉన్న ఒకే స్ప్రింగు. ఉన్న చోటును ఇంతకంటే పొదుపుగా వాడుకోవడం కష్టం.

ఇప్పుడు పాత చాకు తెరిచే తీరు చూద్దాం. అలుగు మీద గోరు పట్టే చిన్న గాడి ఉంటుంది. ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేతి గోరు గాడిలో పెట్టి లాగాలి. మొదట గట్టిగా ఉంటుంది, సగం దాటాక టక్కుమని పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ టక్కు వెనక ఉన్నది అలుగు మొదలు ఆకారం. కీలు చుట్టూ తిరిగే ఆ భాగాన్ని గుండ్రంగా చేయరు, చదునైన అంచులు ఉండేలా మలుస్తారు. స్ప్రింగు పట్టీ ఆ చదును మీద ఆనినప్పుడు అలుగు కదలదు. తిప్పితే మూల వచ్చి స్ప్రింగును పైకి వంచుతుంది, మూల దాటగానే స్ప్రింగు మళ్లీ చదును మీద పడుతుంది. అంటే అక్కడ తాళమేమీ లేదు. ఉన్నది అడ్డగింపు మాత్రమే. తగినంత బలం పెడితే అలుగు మూసుకుంటుంది, మనం మూసేదీ అలాగే.

మరి తాళం లేని చాకు ప్రమాదం కాదా? బలం ఎటు పడుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. కూరగాయో తాడో కోసేటప్పుడు పదును అంచు కిందికి నొక్కుకుంటుంది. వస్తువు తిరిగి ఇచ్చే ఒత్తిడి అలుగును ఇంకా తెరిచే దిశలోనే తోస్తుంది, పూర్తిగా తెరుచుకున్న అలుగుకు అక్కడ గట్టి ఆపు ఉంటుంది. కాబట్టి మామూలు కోతలో తాళం లేకున్నా ఇబ్బంది లేదు. మొనతో పొడిచినప్పుడు, ఇరుక్కున్న అలుగును మెలితిప్పి లాగినప్పుడు, వీపు వైపు దెబ్బ తగిలినప్పుడు బలం మూసే దిశలో పడుతుంది. అప్పుడు అలుగు వేళ్ల మీదికి మడుచుకుంటుంది. పాత తరం వాళ్లు చాకుతో పొడవొద్దని పిల్లలకు చెప్పడంలో భౌతికశాస్త్రం ఉంది, వాళ్లు ఆ పేరు పెట్టలేదంతే.

ఇక సైనికుడి పరిస్థితి వేరు. చేతికి గ్లోవ్ ఉంటుంది, మంచులో గోరు గాడి దొరకదు, రెండో చేయి తాడు మీదో బండి మీదో ఉంటుంది. అందుకే ఒంటి చేత్తో తెరవాలన్నారు. దానికి దొరికిన పరిష్కారం అలుగులో పెద్ద రంధ్రం. బొటనవేలు అందులో ఆనించి తోస్తే అలుగు తెరుచుకుంటుంది. ఈ రంధ్రం ఆలోచన కొత్తది కాదు, అమెరికాలో స్పైడర్కో కంపెనీ 1981లోనే గుండ్రటి రంధ్రంతో చాకు తెచ్చింది. స్విస్ చాకులోది కోలగా ఉంటుంది.

ఇక్కడి నుంచి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చాకు మూసి ఉన్నప్పుడు కూడా బొటనవేలికి రంధ్రం దొరకాలి, అంటే అలుగు పిడి లోపలికి పూర్తిగా దాగకూడదు, వీపు వైపు బయటికి పొడుచుకు రావాలి. అందుకే కొత్త చాకు వెడల్పు 34.5 మిల్లీమీటర్లు. జేబులో అది తెలుస్తూనే ఉంటుంది. అలుగు కూడా పెరిగింది. పాతది సుమారు 7 సెంటీమీటర్లు, కొత్తది 8.6. కీలు దగ్గర స్ప్రింగు ఇచ్చే అడ్డగింపు అంతే ఉందనుకుంటే, అలుగు పొడవయ్యేకొద్దీ మొన దగ్గర తక్కువ బలానికే అది మడుచుకుంటుంది. మీటసూత్రం. ఈ కొలతలతో లెక్క వేస్తే మొన దగ్గరి నిలకడ దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. పోనీ స్ప్రింగును బిగిద్దామా అంటే బొటనవేలితో తెరవడం కష్టమైపోతుంది. తేలిగ్గా తెరుచుకోవాలి, తెరుచుకున్నాక కదలకూడదు. ఈ రెండూ ఒకే స్ప్రింగు వల్ల అయ్యే పని కాదు. కాబట్టి తాళం తప్పదు.

కొత్త చాకులో పెట్టినది లైనర్ లాక్. పిడి లోపల పక్కగా ఉండే పలుచటి ఉక్కు పలకను కొంత మేర చీల్చి, లోపలికి వంగి ఉండేలా చేస్తారు. అలుగు మూసి ఉన్నంతసేపూ అది అలుగు పక్కకు నొక్కుకుని ఉంటుంది. పూర్తిగా తెరవగానే పలక చివర జారి అలుగు మొదలు వెనక్కి వచ్చి నిలబడుతుంది. ఇక అలుగు మూసుకోవాలంటే ఆ పలకను నిలువునా నలిపేయాలి. తలుపు కింద దూర్చిన చెక్క ముక్క తలుపును ఎలా ఆపుతుందో ఇదీ అంతే.

ఇందులో నాకు బాగా నచ్చేది ఒక కోణం. పలక ఆనే చోట అలుగు మొదలును కొద్దిగా ఏటవాలుగా చెక్కుతారు, ఈ రకం తాళాల్లో సాధారణంగా 7 నుంచి 10 డిగ్రీల వాలు. వాలు మరీ ఎక్కువైతే, అలుగును మూసే బలం పలకను పక్కకు జార్చేస్తుంది, తాళం ఊడిపోతుంది. మరీ తక్కువైతే పలక బిగుసుకుపోయి వేలితో తీయలేం, అరుగుదల వచ్చేకొద్దీ వదులు కూడా పెరుగుతుంది. జారకుండా ఉండాలంటే ఆ కోణపు టాంజెంట్ విలువ ఉక్కుకూ ఉక్కుకూ మధ్య ఉండే ఘర్షణ గుణకం కంటే తక్కువ ఉండాలి. 7 డిగ్రీల టాంజెంట్ సుమారు 0.12. పొడి ఉక్కు ఉపరితలాల ఘర్షణ అంతకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి పలక నిలుస్తుంది. అక్కడ గ్రీజు, ఇసుక చేరితే లెక్క మారుతుంది. తాళం ఉంది కదా అని చాకుతో చెక్క పెళ్లగించేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే వేళ్లకు మంచిది. ఇంకో లోపం కూడా ఉంది. తాళం తీయాలంటే పలకను బొటనవేలితో పక్కకు నెట్టాలి, అలుగు మూసుకొచ్చే దారిలోనే ఆ వేలు ఉంటుంది. పాత చాకు మూసేటప్పుడు రెండు చేతులూ పిడి బయటే ఉండేవి.

తాళం పలక స్ప్రింగులా పనిచేయాలి, అలుగు ఒత్తిడినీ భరించాలి. అందుకు ఉక్కే కావాలి. పాత చాకులో పలకలు, పిడి అల్యూమినియంవి. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, ఉక్కుది సుమారు 7.8. పొడవూ మందమూ పెరగడానికి తోడు రంపం, ఈ ఉక్కూ కలిశాక బరువు ఎందుకు అంత పెరిగిందో తెలిసిపోతుంది.

పాత చాకు పిడిని అభిమానులు అలాక్స్ అంటారు. అల్యూమినియం రేకు మీద గళ్ల నమూనా అచ్చు వేసి, దాన్ని ఆమ్ల ద్రావణంలో ముంచి ధనధ్రువంగా చేసి కరెంటు పంపిస్తారు. ఉపరితలం మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర మందంగా పెరుగుతుంది. రసాయనికంగా చూస్తే కెంపు, నీలం రాళ్లు కూడా అల్యూమినియం ఆక్సైడే. అందుకే ఆ పొర గీతలకు తట్టుకుంటుంది. పెయింటులా పైన పూసింది కాదు, లోహంలోంచే పెరిగింది కనుక పెచ్చులుగా లేవదు. దాని బలహీనత వేరే చోట ఉంది. అల్యూమినియం వేడిని చాలా త్వరగా లాగేస్తుంది. ఆల్ప్స్ చలిలో ఒట్టి చేత్తో పట్టుకుంటే చురుక్కుమంటుంది. తడి చేతిలో జారుతుంది కూడా. కొత్త చాకు పిడి ప్లాస్టిక్, అందులో పట్టు దొరకడానికి మెత్తటి నల్లటి భాగాలు కలిపి పోశారు. ప్లాస్టిక్‌లో వేడి ప్రవహించే వేగం అల్యూమినియంతో పోలిస్తే కొన్ని వందల వంతుల్లో ఒక వంతు. పట్టు విషయంలో కొత్తదే మేలు, ఒప్పుకోవాలి. అందం విషయంలో మాత్రం ఒప్పుకోను.

ఉక్కు విషయంలో రెండిటికీ పెద్ద తేడా లేదు. తుప్పు పట్టని ఉక్కు సైనికుల చాకులోకి 1951 మోడల్‌తోనే వచ్చేసింది. విక్టోరినాక్స్ అలుగులకు వాడే ఉక్కులో అర శాతం పైచిలుకు కార్బన్, సుమారు 14 శాతం క్రోమియం ఉంటాయి. కార్బన్ గట్టిదనం ఇస్తుంది. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనపడని పలుచటి పొర కట్టి తుప్పును ఆపుతుంది. కార్బన్ మరీ ఎక్కువైతే క్రోమియాన్ని తనతో కట్టేసుకుంటుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తగ్గుతుంది. ఆసక్తికరమైన విషయం ఏంటంటే ఒకే చాకులో గట్టిదనం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. రాక్‌వెల్ కొలతలో అలుగులు 56, రంపం 53, ఓపెనర్లు, దబ్బనం 52, స్ప్రింగులు 49. అలుగు పదును నిలుపుకోవాలి కాబట్టి గట్టిగా, స్ప్రింగు వేలసార్లు వంగి లేవాలి కాబట్టి కాస్త మెత్తగా. అలుగంత గట్టిగా చేస్తే స్ప్రింగు ఏదో ఒకరోజు ఫట్‌మంటుంది.

కొత్త అలుగు అంచులో కొంత భాగం రంపపు పళ్లలా ఉంటుంది. పళ్ల కొనల దగ్గర ఒత్తిడి కేంద్రీకృతమవుతుంది, కాబట్టి తాడు, బెల్టు లాంటి పీచు పదార్థాలను చకచకా కోస్తుంది. మరి సాన పట్టాలంటే? మామూలు సానరాయి పళ్ల మధ్యకు వెళ్లదు, సన్నటి కడ్డీ లాంటి రాయి కావాలి. యాపిల్ తొక్క తీయబోతే పళ్లు ఇరుక్కుంటాయి. సైన్యానికి తాడు ముఖ్యం, యాపిల్ తర్వాత.

ఈ చాకు కోసం స్విస్ రక్షణ కొనుగోళ్ల సంస్థ ఆర్మాస్విస్ 2008 ఫిబ్రవరిలో టెండర్లు పిలిచింది. అంతర్జాతీయ వాణిజ్య నియమాల ప్రకారం విదేశీ కంపెనీలకూ అవకాశం ఇవ్వాల్సి వచ్చింది. స్విస్ సైన్యం చాకు ఎక్కడో చైనాలో తయారవుతుందేమోనని దేశంలో చాలామందికి టెన్షన్ పట్టుకుంది. చివరికి 75,000 చాకుల ఆర్డరు విక్టోరినాక్స్‌కే దక్కింది, ఒరలతో కలిపి 13.8 లక్షల ఫ్రాంకులు. ఒక్కోటి 18 ఫ్రాంకులు దాటిందంతే.

అదే 2008లో పొరుగున జర్మనీ, ఒంటి చేత్తో తెరుచుకుని తాళం పడే చాకులను సరైన కారణం లేకుండా బహిరంగంగా వెంట ఉంచుకోవడాన్ని నిషేధించింది. బ్రిటన్‌లో తాళం లేని, అలుగు 3 అంగుళాలు మించని మడత చాకును కారణం చెప్పకుండానే జేబులో పెట్టుకోవచ్చు, తాళం పడితే మాత్రం కారణం చూపాలి. సైనికుడి వేళ్లను కాపాడటానికి పెట్టిన తాళమే, బయట పోలీసుల దృష్టిలో చాకును ఆయుధానికి దగ్గర చేసింది.

నన్ను అడిగితే అడవిలో, కొండ మీద, ట్రెక్కింగులో కొత్తది. రోజూ జేబులో ఉండి పార్సిల్ టేపు కోయడానికి, మామిడిపండు ముక్కలు చేయడానికి పాతది. సైన్యం పక్కన పెట్టినా విక్టోరినాక్స్ ఆ పాత రూపాన్ని పయొనీర్ పేరుతో ఇంకా అమ్ముతూనే ఉంది. ఏది కొన్నా విమానం ఎక్కే రోజు మాత్రం చెక్-ఇన్ బ్యాగులో వేసేయండి. చేతి సామానులో కనిపిస్తే శంషాబాద్‌లో రెండిటికీ ఒకే మర్యాద జరుగుతుంది.