బిర్యానీకి మూసీ ఎందుకు దాటాలి?

చార్మినార్ ముందు ఫొటోలు దిగిన టూరిస్టులు ఆ వెంటనే అడిగేది ఒకటే: మంచి బిర్యానీ ఎక్కడ? జవాబుగా వచ్చే పెద్ద పేర్లలో చాలావరకు మూసీకి అవతలివే. ప్యారడైజ్ సికింద్రాబాద్‌లో, బావర్చీ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో. పాతబస్తీలో షాదాబ్ ఉందనుకోండి. అయినా 1591లో చార్మినార్ చుట్టూ పుట్టిన ఊరికి ఇది వింతే.

నిజానికి ఇక్కడ బిర్యానీ చాలాకాలం హోటల్ తిండి కాదు. నవాబుల ఇళ్లలోనో పెళ్లి దావత్‌లోనో వండితే తినాలి. డబ్బిచ్చి బయట తినే అలవాటు ఊరు పెరిగిన వైపే పెరిగింది. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ వచ్చింది, 1874లో రైలు వచ్చింది, 1907లో నాంపల్లి స్టేషన్ వచ్చింది. మరుసటి ఏడే మూసీ వరద పాతబస్తీని ఊడ్చేసింది. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఉన్నది కూడా నది అవతల కింగ్ కోఠిలోనే. ఆఫీసులు, సినిమాహాళ్లు అటు పెరిగాయి. బొంబాయి మీదుగా వచ్చిన ఇరానీలు కూడళ్లలో చాయ్ హోటళ్లు పెట్టారు. 1953లో ప్యారడైజ్ మొదలైందే ఒక సినిమాహాలును ఆనుకుని. బావర్చీ పక్కన సంధ్య థియేటర్. (ఇప్పుడు ఏ హైవే మీద చూసినా బావర్చీ బోర్డే. అసలుది మాత్రం క్రాస్ రోడ్స్‌లోదే.)

అందుకని పాతబస్తీకి మధ్యాహ్నం బిర్యానీ కోసం వెళ్లడం నా లెక్కలో దండగ. తెల్లారకముందే లేవాలి. రాత్రంతా సన్నమంట మీద మరిగిన మాంసపు పులుసు నహారీలో నాలుక, కాళ్ల ముక్కలు మెత్తబడి ఉంటాయి. పులుసు చల్లారితే పెదాలకు అంటుకుంటుంది. కుల్చా రొట్టె తుంచి అందులో ముంచుకోవాలి. పురానీ హవేలీ దగ్గర 1851 నుంచి నడుస్తున్న మున్షీ నాన్‌లో నాలుగు మూలల రొట్టె భట్టీ గోడకు అతుక్కుని కాలుతుంది. ఇనుప చువ్వలతో దాన్ని ఊడదీసి ఇస్తారు. తర్వాత మక్కా మసీదు పక్కన నిమ్రాలో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు.

హలీమ్ సంగతి వేరు. నిజాం సైన్యంలో చేరి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బులు గోధుమ, మాంసంతో వండే హరీస్‌కు ఇక్కడి మసాలా తగిలి తయారైందది. 2010లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. దానికోసం రంజాన్ నెలలో వస్తే పగలు హోటళ్లు వెతుక్కోకండి. ఇఫ్తార్ వేళకు రండి, తోపులాటకు సిద్ధపడి.