బీట లేని గిన్నె, బంగారంలేని మెరుపు: ఇస్లామిక్ గ్లేజు పాత్రలపై అపోహలు - వాస్తవాలు

గ్లేజు, అంటే గాజులాంటి పూత, ఉన్న పాత పాత్రల మరమ్మతు, సంరక్షణ నా వృత్తి. గల్ఫ్‌లో ఉంటాను. మ్యూజియం పనితో పాటు సొంతంగా సేకరించుకునేవాళ్ల వస్తువులూ నా బల్ల మీదికి వస్తుంటాయి. మనవాళ్లలో కూడా ఈ మధ్య ఈ సరదా పెరిగింది. ఇస్తాంబుల్ వెళ్లొచ్చినవాళ్లు, ఆన్‌లైన్ వేలంపాటలు చూసేవాళ్లు ఫోన్‌లో ఫొటో పంపి ఒకటే మాట అడుగుతారు: "అక్కా, ఇది పన్నెండో శతాబ్దం కాషాన్ గిన్నె అంట. ఎక్కడా చిన్న బీట కూడా లేదు. అసలుదే కదా?"

ఆ ప్రశ్నలోనే బోలెడంత డబ్బు పోతోంది. అందుకే ముందు దాని సంగతి తేల్చి, మిగతావి తర్వాత త్వరత్వరగా చూద్దాం.

అపోహ: పగుళ్లు లేకుండా నిండుగా ఉంటే అసలుది, అతుకులుంటే పనికిరానిది.

వాస్తవం దాదాపు తలకిందులు. ఇరాన్‌లోని కాషాన్‌లో చేసిన ఈ పాత్ర మామూలు మట్టితో చేసింది కాదు. 1301లో అబుల్ ఖాసిం అనే ఆయన దాని పాళ్లు రాసిపెట్టాడు. కాషాన్‌లో తరతరాలుగా ఇదే పని చేసిన అబూ తాహిర్ కుటుంబంవాడు. పది పాళ్లు పలుగురాయి పొడి, ఒక పాలు గాజు పొడి, ఒక పాలు తెల్లటి సన్న బంకమట్టి. దీన్నే ఫ్రిట్‌వేర్ అంటాం. కాల్చాక తెల్లగా, పలచగా, చూడటానికి పింగాణీలా వస్తుంది కానీ పింగాణీకున్న గట్టితనం రాదు. విరిగిన అంచు చూస్తే చక్కెర పలుకుల్లా గరుగ్గా కనిపిస్తుంది. ఇలాంటి గిన్నె ఎనిమిది వందల ఏళ్లు మట్టి కింద ఉండి, పైన ఇళ్లు కూలి, నీళ్లు దిగి, తవ్వేటప్పుడు గునపం దెబ్బలు తిని, చెక్కుచెదరకుండా బయటికి రావడం చాలా అరుదు. తవ్వకాల్లో దొరికేవి పెంకులే.

మరి మార్కెట్లో ఇన్ని నిండు గిన్నెలు ఎక్కడివి? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యూరప్, అమెరికా ధనవంతులకు ఇరాన్ పాత్రల మీద మోజు పుట్టింది. పెంకులు కొనేవాడు లేడు, నిండు గిన్నెకు ఎంతైనా పెడతారు. దాంతో టెహ్రాన్, పారిస్, న్యూయార్క్ వ్యాపారుల చేతుల్లో పెంకులు గిన్నెలయ్యాయి. ఒక గిన్నె అడుగు, ఇంకో గిన్నె అంచు, మూడో గిన్నెలోంచి గుర్రం మీద రాజకుమారుడు, అన్నీ కలిపి కుట్టిన బొంత అన్నమాట. సరిపడని పెంకు అంచులను అరగదీశారు. ఖాళీలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పూడ్చి, ఎమరీ పేపర్‌తో నున్నగా చేసి, పైన బొమ్మలు వేసి, వార్నిష్ కొట్టారు. ముఖ్యంగా మినాయి పాత్రలకు ఈ గతి పట్టింది. మినాయిలో రంగులు గ్లేజు పైన వేసి రెండోసారి తక్కువ వేడిలో కాలుస్తారు, అందుకని అవి తొందరగా రాలిపోతాయి. రాలినచోట కొత్తగా ముఖాలు దిద్దేశారు. పేరున్న పెద్ద మ్యూజియంలు కూడా ఇలాంటివి కొన్నాయి. తర్వాత వాళ్ల ల్యాబుల్లోనే బయటపడ్డాయి. వాళ్లే మోసపోతే మనమెంత?

ఇప్పుడు సర్టిఫికెట్ దగ్గరికొద్దాం. అసలు టెన్షన్ ఇక్కడే ఉంది.

కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఒక అబ్బాయి, మినాయి గిన్నె ఒకటి టవల్లో చుట్టి పట్టుకొచ్చాడు. "ల్యాబ్ సర్టిఫికెట్ కూడా ఉందక్కా, చూడండి" అని ఫైలు ముందు పెట్టాడు. థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష చేయించారు, వయసు సరిపోయింది. గది చీకటి చేసి అల్ట్రావయొలెట్ లైటు వేశాను. అసలు గ్లేజు, తర్వాత వేసిన పూత దాని కింద వేర్వేరు రంగుల్లో కనిపిస్తాయి. అడుగు, దాన్ని ఆనుకుని మూడో వంతు గోడ ఒక రంగులో ఉన్నాయి. మిగతాదంతా పాలు ఒలికినట్టు తెల్లటి నీలం. మధ్యలో వంకర గీతలుగా నారింజ మెరుపు, అంటే పాత లక్కజిగురు. గుర్రం తలా మొండెమూ రెండు వేర్వేరు పాత్రలవి. అంచు చుట్టూ రాసిన అరబిక్ దీవెన సరిగ్గా అతుకు దగ్గర అక్షరం మధ్యలో తెగి, అవతల వేరే చేతిరాతతో మొదలవుతోంది.

"అయితే సర్టిఫికెట్ అబద్ధమా అక్కా?" అన్నాడు, మొహం పాలిపోయి.

"అబద్ధం కాదు నాయనా. అడుగు గురించి నిజమే చెప్పింది."

ఆ పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే ఇది అర్థమవుతుంది. పాత్రను చివరిసారి కాల్చినప్పటి నుంచి అందులోని ఖనిజాల్లో రేడియేషన్ ప్రభావం పోగవుతూ ఉంటుంది. చిటికెడు పొడి తీసి వేడిచేస్తే ఆ పోగైనది వెలుగుగా బయటికి వస్తుంది, దాన్నిబట్టి వయసు లెక్క. కచ్చితమైన సంవత్సరం రాదు, 20-25 శాతం అటూ ఇటూ ఉంటుంది. పొడి కోసం రంధ్రం ఎక్కడ పెడతారు? కనపడనిచోట, గ్లేజు లేనిచోట, అంటే అడుగున. పాత్రలో అన్నిటికంటే మందంగా ఉండి మిగిలేదీ అడుగే. కాబట్టి అడుగు నికార్సైన పన్నెండో శతాబ్దంది, పైన గిన్నె నూరేళ్ల కిందట ఎవరో వ్యాపారి చేయించింది. సర్టిఫికెట్ ఒక్క అడుగుకి, డబ్బు మొత్తం గిన్నెకి. ఈ కిటుకు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు.

ఆ అబ్బాయిని తిట్టాలనిపించలేదు. చెల్లెలి పెళ్లికి దాచింది తీసి కొన్నాడట, "పదేళ్లలో మూడింతలవుతుంది" అని ఎవరో వీడియోలో చెప్పారట. ఆ వీడియో చేసినవాళ్ల మీదే నా కోపం. గిన్నెలో ఆ మూడో వంతు మాత్రం నిజంగా అందంగా ఉంది, అదీ చెప్పాను.

మరి కొనేముందు ఏం చేయాలి? అల్ట్రావయొలెట్ లైటు కింద తీసిన ఫొటోలు అడగండి. పాత్ర మొత్తం మీద ఎంత భాగం మరమ్మతుదో రాతపూర్వకంగా ఇమ్మనండి. వేలికొనతో తడిమి చూడండి. గ్లేజు చల్లగా, గాజులా ఉంటుంది, పూసిన రంగు కాస్త వెచ్చగా, మెత్తగా తగులుతుంది. గోటితో మెల్లగా తట్టితే ప్లాస్టర్ ఉన్నచోట శబ్దం మొద్దుగా వస్తుంది. నిషాపూర్, సమర్‌ఖండ్ వైపు తెల్లటి పూత మీద నల్లటి కూఫీ (పాత అరబిక్ లిపి) అక్షరాలున్న పళ్లేలైతే, అక్షరాలు చదవగలిగేవాళ్లకు చూపించండి. భాష రాని మరమ్మతుదారు అక్షరంలాంటి గీతలు గీసి వదిలేస్తాడు. (అయితే అది ఒక్కటే రుజువు కాదు. అర్థం లేని అక్షరాలు అలంకారంగా గీసిన అసలు కుమ్మరులూ ఉన్నారు.) ఇక కొత్త రంగుల్లో కొన్ని అల్ట్రావయొలెట్ లైటుకీ దొరకవు, కాబట్టి ఆ ఫొటో బాగుందని వెంటనే డబ్బు కట్టేయకండి.

అతుకులు స్పష్టంగా కనపడేలా నిజాయితీగా జోడించిన గిన్నె ఉంటే దానికే నా ఓటు. ఎంత ఉందో, ఎంత పోయిందో కళ్లముందు ఉంటుంది.

ఇంకో మాట. వస్తువు ఆ దేశం నుంచి ఎప్పుడు, ఎలా బయటికి వచ్చిందో కాగితం అడగండి. ఇరాన్‌లో పురావస్తు చట్టం 1930 నుంచీ ఉంది. ఇరాక్ నుంచి 1990 ఆగస్టు 6 తర్వాత అక్రమంగా తరలిన పురావస్తువుల వ్యాపారాన్ని ఐక్యరాజ్యసమితి 2003లోనే నిషేధించింది. "పాత కుటుంబం సేకరణలోది" అన్న ఒక్క ముక్క కాగితం కిందికి రాదు.

అపోహ: లస్టర్ పాత్రల మీద కనిపించే బంగారు మెరుపు బంగారమే.

లస్టర్ పాత్రల్లో బంగారం లేదు. వెండి, రాగి ఉన్నాయి. వాటి సమ్మేళనాలను ఎర్రమట్టిలాంటి దానితో, వెనిగర్‌తోనో ద్రాక్షరసంతోనో కలిపి, అప్పటికే కాల్చి చల్లార్చిన తెల్ల గ్లేజు మీద బొమ్మ వేస్తారు. మళ్లీ బట్టీలో పెట్టి, గాలి అందకుండా పొగలో మగ్గబెడతారు. పొగ ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది, వెండి రాగి గ్లేజు పైపొరలోకి దిగి కంటికి కనపడనంత సన్న రేణువులుగా మిగులుతాయి. మెరిసేది ఆ పొర. అబుల్ ఖాసిం లెక్కలో ఈ పొగ 72 గంటలు. బయటికి తీసినప్పుడు పాత్ర మసిబారి ఉంటుంది. తడిమట్టితో రుద్దితే అప్పుడు బంగారు ఛాయ తేలుతుంది. మంట కాస్త ఎక్కువైతే బొమ్మ మాయం, తక్కువైతే రంగు పట్టదు.

ఈ విద్య గ్లేజు పాత్రల మీదికి వచ్చింది తొమ్మిదో శతాబ్దపు ఇరాక్‌లో. అక్కడి సమర్రా తవ్వకాల్లో ఆ పెంకులు దొరికాయి. ట్యునీషియాలోని కైరవాన్ పెద్దమసీదు మిహ్రాబ్ (మక్కా దిక్కు చూపే గోడ గూడు) చుట్టూ అప్పటి లస్టర్ పలకలు ఇవాళ్టికీ గోడమీదే ఉన్నాయి. తర్వాత ఫాతిమిద్ రాజవంశం కాలంలో ఈజిప్టు, ఆ తర్వాత కాషాన్. నిజం బంగారం కావాలంటే మినాయి పాత్రల మీద, ముదురు నీలం గ్లేజుండే లాజవర్దీనా పాత్రల మీద చూడండి, అక్కడ బంగారు రేకు అతికించారు.

అపోహ: ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే లస్టర్. లేదా అది మురికి, తోమేయాలి.

రెండూ కావు. మట్టిలో తేమకు గ్లేజులోని క్షారం కరిగిపోయి, పైన సన్నటి పొరలు పొరలుగా విడిపోతుంది. ఆ పొరల మీద వెలుగు పడి రంగులు తేలతాయి. అది గ్లేజు శిథిలమవుతున్న గుర్తు.

దయచేసి చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి జోలికి వెళ్లకండి. రాగిచెంబు తళతళలాడిందని గ్లేజు కూడా ఆడదు. ఒకావిడ, మంచి ఇల్లాలు, అత్తగారిచ్చిన నీలిపచ్చ గిన్నెను పండక్కి చింతపండుతో తోమి తెచ్చారు. లోపలివైపు మెరుపు పోయి సుద్దలా తేలింది. మళ్లీ తెప్పించలేం. నానబెట్టడం కూడా వద్దు, నేల ఉప్పు లోపల దాగి ఉంటే నీరు తగిలి కదిలి, ఆరేటప్పుడు గ్లేజు కింద స్ఫటికాలై పెచ్చులు లేపుతుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి, చాలు.

అపోహ: నీలిపచ్చ రంగు కోసం మణులు నూరి కలిపారు.

రాగి. అదే రాగి సీసం గ్లేజులో వేస్తే ఆకుపచ్చ, క్షారపు గ్లేజులో వేస్తే నీలిపచ్చ. గ్లేజులోని ముదురు నీలం కోబాల్ట్‌ది, కాషాన్ దగ్గరి ఖమ్సర్ గనుల పేరు దానితోనే వినిపిస్తుంది. ఊదా, నలుపు మాంగనీస్ పుణ్యం.

అపోహ: ఇస్లాంలో బొమ్మలు నిషేధం, కాబట్టి మనుషులుంటే నకిలీ.

ఇది విన్నప్పుడల్లా నాకు ఓపిక పోతుంది. మసీదు గోడల మీద ఉండవు, నిజమే. భోజనాల గిన్నెల మీద గుర్రపు రౌతులు, వీణలు మీటే స్త్రీలు, సింహాసనం మీద రాజులు కిటకిటలాడుతుంటారు. కాషాన్ కుమ్మరి అబూ జైద్ గిన్నెల మీద మనుషుల్ని గీశాడు, మత కట్టడాలకు పలకలూ చేశాడు.

అపోహ: అంతా చైనా కాపీ.

మొదలు చైనా పాత్రలే, అబద్ధమెందుకు. ఇరాక్‌వాళ్లకు చైనా తెల్లమట్టి లేదు, అంత వేడి బట్టీలూ లేవు. గ్లేజులో తగరం కలిపి తెల్లగా చేసుకున్నారు, దాని మీద నీలం వేశారు. తొమ్మిదో శతాబ్దంలో ఇండోనేషియా దగ్గర మునిగిన బెలితుంగ్ ఓడలో చైనా పాత్రలు వేలకు వేలున్నాయి. వాటి మధ్య మూడు నీలం-తెలుపు పళ్లేలూ ఉన్నాయి. అవీ చైనాలో చేసినవే, వాటి మీది అలంకారం మాత్రం పడమటి రుచికి తగ్గది. ఎవరు ఎవర్ని చూసి చేశారో చెప్పడానికి ఒక్క వాక్యం చాలదు.

అపోహ: మంగోలులు వచ్చాక కాషాన్ పని ఆగిపోయింది.

కొన్నేళ్లు మందగించింది. 1260ల నుంచి తేదీలున్న లస్టర్ పలకలు మళ్లీ కనిపిస్తాయి. 1270ల్లో మంగోలు రాజు అబాఖా ఖాన్ ఇరాన్‌లోని తఖ్తే సులేమాన్‌లో కట్టించిన రాజభవనానికి పలకలు అతికించారు.

అపోహ: సీసం గ్లేజు పాత్ర ఇంట్లో ఉంటే పిల్లలకు ప్రమాదం.

ఇది అడిగేవాళ్లు నిజంగా భయపడి అడుగుతారు. అద్దాల బీరువాలో ఉన్న పళ్లెం ఎవరినీ ఏమీ చేయదు. అందులో పెరుగు, పచ్చడి, పులుసు పెట్టి తినకూడదు, పులుపు సీసాన్ని లాగుతుంది. పెచ్చులు రాలుతుంటే పిల్లల చేతికి అందకుండా పెట్టి, తర్వాత చేతులు కడుక్కోండి.

అపోహ: విషం కలిపిన తిండి పెడితే ఘోరీ పళ్లెం పగిలిపోతుంది.

హైదరాబాద్ పాత కుటుంబాల్లో ఇప్పటికీ వింటాం. ఘోరీ అనేవి చాలావరకు చైనా సెలడాన్ (లేత ఆకుపచ్చ గ్లేజు) పళ్లేలు, ఇస్లామిక్ ప్రపంచమంతా వాటిని ఎగబడి కొన్నది. పగిలితే చెయ్యిజారి పగులుతాయి, విషానికి కాదు.

గ్లేజు పలకలు దగ్గరగా చూడాలనుకుంటే హైదరాబాద్ బాద్‌షాహీ అషూర్‌ఖానాకు వెళ్లండి. కుతుబ్‌షాహీల కాలంది, అంటే మనం ఇంతసేపు మాట్లాడిన కాలం తర్వాతది. కానీ విద్య ఆ ఇరాన్ వంశానిదే, ఒక్కో రంగు పలకను ముక్కలుగా కోసి పేర్చారు. 1908 మూసీ వరదకు గోడల కింది భాగం దెబ్బతింది. పోయినచోట రంగుతో అదే డిజైన్ వేసి సరిపెట్టారు. పైన గ్లేజు, కింద రంగు. ఒకే గోడ మీద రెండూ ఉన్నాయి కాబట్టి తేడా పట్టుకోవడం అలవాటు చేసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు, టికెట్టు ఖర్చు లేని పాఠం.

చివరగా, భయపడుతూ అడిగే ఇంకో ప్రశ్న: "తాతగారి నాటి పళ్లెం ఇంట్లో ఉంటే కేసవుతుందా?" ఇంట్లో దాచుకున్నందుకు కాదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువును మామూలు మనుషులు దేశం దాటించకూడదు, వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. అమెరికాలో కూతురికి ఇద్దామని సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లకండి. పాతదో కాదో అనుమానంగా ఉంటే ముందే ఆర్కియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియావాళ్లకు చూపించి, పురావస్తువు కాదని తేలితే ఆ సర్టిఫికెట్ తీసుకుని బయల్దేరండి.