ఎండోస్కోపీ నార్మల్ అంటే రిఫ్లక్స్ లేనట్టేనా? అపోహలు - వాస్తవాలు

ఛాతీలో మంట, పులితేన్పులు (కడుపులోని యాసిడ్ అన్నవాహికలోకి ఎగదన్నే రిఫ్లక్స్ లక్షణాలు) అంటూ గాజువాక నుంచి, శ్రీకాకుళం నుంచి విశాఖలో మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఆ మంట కన్నా పరీక్షలకే ఎక్కువ భయపడుతున్నారు.

అపోహ: ఎండోస్కోపీలో గొట్టం దిగితే ఊపిరాడదు.

వాస్తవం: ఎండోస్కోపు, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టం, వెళ్లేది అన్నవాహికలోకి. శ్వాసనాళం దారి వేరు. గొంతు తిమ్మిరెక్కేలా మందు స్ప్రే చేస్తాం. డోకు వచ్చినట్టు ఉంటుంది, ఆ మాట దాచను. ముక్కుతో నిదానంగా గాలి పీల్చుకుంటే తగ్గుతుంది. సాధారణంగా పది నిమిషాల్లోపే అయిపోతుంది. మత్తు ఇంజెక్షన్ తీసుకుంటే మాత్రం ఆ రోజు బండి నడపవద్దు, తోడుగా ఒకరిని తెచ్చుకోండి.

అపోహ: ఎండోస్కోపీ నార్మల్ వచ్చిందంటే అంతా మనోభ్రమే.

వాస్తవం: ఇంట్లోవారు ‘నీకేమీ లేదట’ అనేయడంతో ఎందరో మౌనంగా బాధపడుతున్నారు. రిఫ్లక్స్ ఉన్నా అన్నవాహిక లోపలి పొర మామూలుగానే కనిపించేవారు చాలామంది ఉంటారు. అన్నవాహికలోకి యాసిడ్ ఎంతసేపు వస్తోందో కొలిచే 24 గంటల పీహెచ్ పరీక్ష వారికి దారి చూపుతుంది. ముందు మానోమెట్రీ (అన్నవాహికలోని ఒత్తిడిని కొలిచే పరీక్ష) చేసి, నీళ్లు గుక్కగుక్కగా మింగించి, అన్నవాహిక కింది కవాటం ఎక్కడుందో తెలుసుకుంటాం. దానికి 5 సెంటీమీటర్ల పైన సెన్సర్ ఉండేలా ముక్కు ద్వారా సన్నని గొట్టం వేసి, దానికి రికార్డరు తగిలించి ఇంటికి పంపిస్తాం. పీహెచ్ తగ్గిందంటే యాసిడ్ పెరిగినట్టు. అది 4 కన్నా తగ్గిన సమయం మొత్తంలో 6 శాతం దాటితే రిఫ్లక్స్ ఉన్నట్టే. 4 శాతం లోపైతే సాధారణం. ఆ రెండింటి నడుమ ఉంటే ఇతర ఆధారాలూ చూడాలి.

అపోహ: పీహెచ్ పరీక్ష రోజు చప్పిడి తిండి తిని పడుకోవాలి.

వాస్తవం: అలా చేస్తే పరీక్షే వృథా. మీ మామూలు రోజు ఎలా గడుస్తుందో మాకు తెలియాలి. ఆవకాయ అన్నం అలవాటైతే అదే తినండి. సాయంత్రం ఆర్కే బీచ్‌లో నడుస్తూ మిరపకాయ బజ్జీలు తినేవారు అవీ తినండి. భోజనం, పడక వేళలు రాసుకోండి. చిన్న మంటే కదా అని ఊరుకోకుండా, వచ్చిన ప్రతిసారీ వెంటనే రికార్డరు మీది బటన్ నొక్కండి. మంటకూ యాసిడ్‌కూ పొంతన ఉందో లేదో చెప్పేది ఆ నొక్కిన సమయాలే. రికార్డరు తడవకూడదు కాబట్టి స్నానం మరునాటికి వాయిదా వేయండి.

యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ వంటి మాత్రలను తొలి నిర్ధారణకైతే సాధారణంగా 7 రోజుల ముందు ఆపమంటాం. కొందరికి మాత్రలు వాడుతుండగానే పరీక్ష చేయాల్సి వస్తుంది. అందుకే అడగకుండా ఆపవద్దు.

అపోహ: ఛాతీ నొప్పి వస్తే అది గ్యాసే.

వాస్తవం: చెమటలు పట్టినా, చేయి లేదా దవడ లాగినా, మెట్లెక్కితే నొప్పి పెరిగినా తెల్లారేదాకా ఆగకండి. కేజీహెచ్ కానీ, దగ్గర్లోని మరే ఆసుపత్రి కానీ, ముందు ఈసీజీ తీయించుకోండి. మా పరీక్షలు ఆ తర్వాతే.