లంబసింగిలో సున్నా అంటే వేడి లేనట్టేనా?

చలికాలంలో లంబసింగి ఉష్ణోగ్రత సున్నాకు దిగిందని వార్త వస్తే చాలు, విశాఖ నుంచి కార్లు బారులు తీరతాయి. అలాంటి వార్త చదివిన ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి "సున్నా అంటే అక్కడ వేడి అసలు లేనట్టేనా?" అని అడిగింది. ఉష్ణోగ్రతల పాఠం ఈ ప్రశ్నతోనే మొదలుకావాలని నా నమ్మకం.

ఆ సున్నా మనుషులు పెట్టుకున్న గుర్తు. స్వీడన్ ఖగోళ శాస్త్రవేత్త సెల్సియస్ 1742లో నీరు మరిగే చోట సున్నా, గడ్డకట్టే చోట 100 పెట్టాడు! తర్వాతివాళ్లు దాన్ని తలకిందులు చేశారు. అంతకుముందే, 1724లో, ఫారన్‌హీట్ మంచు, నీరు, నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్ అనే లవణం) కలిపిన మిశ్రమం చల్లదనాన్ని సున్నా అన్నాడు. ఆ లెక్కలో మంచు కరిగేది 32 దగ్గర.

కైలాసగిరి ఎత్తును ఒకరు బీచి ఇసుక నుంచి మీటర్లలో, మరొకరు రోప్‌వే ఎక్కే చోటి నుంచి అడుగుల్లో కొలిచారనుకోండి. కొండ ఒకటే, అంకెలు వేరు. మొదలుపెట్టిన చోటూ వేరే, కొలిచే ప్రమాణమూ వేరే. కొండ మీద ఇద్దరు పైనా కిందా నిలబడితే వాళ్ల మధ్య ఎత్తు తేడా మాత్రం ఎక్కడి నుంచి కొలిచినా మారదు, మీటర్లను అడుగుల్లోకి మార్చుకుంటే సరిపోతుంది. కానీ "ఇతను అతనికి రెట్టింపు ఎత్తులో ఉన్నాడు" అనే మాట ఇసుక నుంచి కొలిస్తే నిజం కావచ్చు, రోప్‌వే దగ్గరి నుంచి కొలిస్తే అబద్ధం కావచ్చు. 30 డిగ్రీల సెల్సియస్ 15కు రెట్టింపు వేడి కాదనేది అందుకే. అవే ఫారన్‌హీట్‌లో 86, 59!

మరి ఉష్ణోగ్రతకు అసలైన అట్టడుగు మట్టం ఉందా? ఉంది. లంబసింగిలో సున్నా డిగ్రీల దగ్గర ఒక గట్టి ఉక్కు సీసాలో గాలి బిగించి, 30 డిగ్రీల విశాఖకు తీసుకొస్తే లోపలి పీడనం దాదాపు 11 శాతం పెరుగుతుంది. డిగ్రీకి 273వ వంతు చొప్పున. అదే లెక్కన చల్లబరుస్తూ పోతే −273.15 దగ్గర పీడనం సున్నా కావాలి. నిజమైన గాలి ఆలోపే ద్రవమైపోతుంది కానీ ఉష్ణోగ్రతతో పీడనం మారే తీరును గీస్తే ఆ గీత చూపించే చోటు మారదు. 1848లో విలియం థామ్సన్, అంటే తర్వాతి లార్డ్ కెల్విన్, ఏ పదార్థం మీదా ఆధారపడని కొలమానాన్ని ప్రతిపాదించాడు. ఇప్పటి కెల్విన్ కొలమానంలో సున్నా ఈ −273.15 దగ్గరే, దాని ప్రమాణం పేరూ కెల్వినే. 2019 నుంచి కెల్విన్‌ను, ఉష్ణోగ్రతను అణువుల శక్తితో ముడిపెట్టే బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతో, కెల్విన్‌కు 1.380649×10⁻²³ జౌళ్లుగా బిగించేశారు. లంబసింగి సున్నా 273.15 కెల్విన్లు, విశాఖ 30 డిగ్రీలు 303.15. అంటే అక్కడి గాలి అణువుల సగటు గతిజ శక్తి, అంటే కదలిక వల్ల ఉండే శక్తి, ఇక్కడికంటే పది శాతమే తక్కువ. ఆ పది శాతానికే మనం స్వెట్టర్లు వెతుక్కుంటాం!

సెల్సియస్‌ను ఫారన్‌హీట్‌లోకి మార్చడానికి బడిలో "9తో గుణించు, 5తో భాగించు, 32 కలుపు" అని మంత్రంలా వల్లె వేయిస్తారు. ఆ 32 ఎందుకో చెప్పరు. అది సున్నా జరిగిన దూరం. కాబట్టి భూమి 2 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే ఫారన్‌హీట్‌లో ఆ పెరుగుదల 3.6 మాత్రమే. 32 కలిపి 35.6 అంటే అనర్థమే.

మనం ఎండను సెల్సియస్‌లో, జ్వరాన్ని ఫారన్‌హీట్‌లో చెప్పుకుంటాం. ఒంటి వేడి 98.6 అనే అంకెలో దశాంశం చూసి అదేదో కచ్చితమైన గీత అనుకుంటారు. 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ ఇచ్చిన 37 డిగ్రీల సగటును ఫారన్‌హీట్‌లోకి మారిస్తే వచ్చిన దశాంశమది. థర్మామీటరు 99 చూపిస్తే అది 37.2. సాయంత్రం పూట ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఒళ్లు కూడా అంత వెచ్చగా ఉండటం మామూలే.