అణ్వస్త్ర పోటీ: తరగతి గదిలో ఏటా వినబడే అపోహలు

ప్రచ్ఛన్న యుద్ధ చరిత్ర బోధించే నాకు విద్యార్థుల నుంచి ఎదురయ్యే అపోహలన్నిటికీ మూలం ఒక్కటే: అమెరికా, సోవియట్ యూనియన్‌లు ఒకదాని బలం మరొకటి బాగా తెలుసుకునే పోటీ పడ్డాయన్న నమ్మకం.

అపోహ: 1960 నాటికి క్షిపణుల్లో సోవియట్ యూనియన్‌దే పైచేయి.

వాస్తవం: 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ప్రయోగం పుట్టించిన భయాన్ని సోవియట్ నేత కృశ్చేవ్ ప్రగల్భాలు మరింత పెంచగా, కెన్నెడీ 1960 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో దానినే ప్రచారాస్త్రంగా చేసుకున్నారు. ‘కరోనా’ అనే పేరుగల అమెరికా నిఘా ఉపగ్రహాల చిత్రాలు అందాక, సోవియట్ ఖండాంతర క్షిపణుల లాంచర్లు పది నుంచి పాతిక వరకే ఉంటాయని అమెరికా నిఘా వర్గాలు 1961 సెప్టెంబరులో లెక్క తేల్చాయి. వ్యత్యాసం ఉన్నమాట నిజమే. అయితే ఆధిక్యం అమెరికాది.

అపోహ: 1962లో కెన్నెడీ పట్టుదలకు జంకి కృశ్చేవ్ క్యూబాలో మోహరించిన సోవియట్ అణు క్షిపణులను వెనక్కి తీసుకున్నారు.

వాస్తవం: అక్టోబరు 27 రాత్రి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ సోవియట్ రాయబారి దొబ్రీనిన్‌ను కలిసి, టర్కీలోని అమెరికా అణు క్షిపణులు జూపిటర్లను కొన్ని నెలల్లో తొలగిస్తామని, ఆ సంగతి మాత్రం బయటకు పొక్కకూడదని చెప్పారు. మరునాడు మాస్కో రేడియోలో ఉపసంహరణ ప్రకటన వెలువడినప్పుడు లోకానికి కనిపించింది బేరంలో సగమే. 1963 ఏప్రిల్ నాటికి జూపిటర్లను తొలగించారు. ఒప్పందం మాత్రం ఏళ్ల తరబడి గుట్టుగానే ఉండిపోయింది. పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ ఆ సగం కథనే చెప్పడం నాకు మింగుడుపడదు.

అదే 27న అమెరికా నౌకలు నీటిలోకి హెచ్చరిక పేలుళ్లు వదిలి సోవియట్ జలాంతర్గామి బి-59ను పైకి రప్పించాయి. అందులో అణు టార్పెడో ఉన్న సంగతి ఆ నౌకల్లోని వారికి తెలియదు. అమెరికా సైన్యం దండెత్తి వస్తే ప్రయోగించగల స్వల్పశ్రేణి అణ్వాయుధాలు సైతం అప్పటికే క్యూబాకు చేరి ఉన్నాయని నాటి రక్షణ మంత్రి మెక్‌నమారా 1992లో, హవానా సదస్సులో కూర్చుని విన్నారు.

అపోహ: ఆ తర్వాత ఇరు దేశాధినేతల బల్లల మీద ఎర్ర టెలిఫోన్లు వెలిశాయి.

వాస్తవం: 1963 ఆగస్టు 30న పనిచేయడం మొదలుపెట్టిన వాషింగ్టన్-మాస్కో హాట్‌లైన్ (నేరుగా సంప్రదించుకునే మార్గం) టైపు చేసిన సందేశాలను పంపే ఒక టెలిప్రింటర్ తీగ మాత్రమే. సంక్షోభ సమయంలో కృశ్చేవ్ లేఖ వాషింగ్టన్‌కు పూర్తిగా చేరడానికి గంటలు పట్టింది కనుక వేగం కావలసి వచ్చింది. ఫోనులో హడావిడిగా చేసే అనువాదం ఒక్క మాటను తారుమారు చేసినా ప్రమాదమే కనుక, అమెరికా ఇంగ్లిషులోను, సోవియట్ యూనియన్ రష్యన్‌లోను సందేశాలను అక్షరరూపంలో పంపుకునేలా ఏర్పాటు చేసుకున్నాయి.